రోబోటిక్స్ పోటీ ఏ స్థాయిదో తికమక లేకుండా రాయడం ఎలా? స్కూళ్లకు, తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

గోదావరి జిల్లాల్లో రోబోటిక్స్ జట్లు పెరిగేకొద్దీ ఒక ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. "మా పిల్లలు గెలిచారు, ఏ లెవెల్ అని రాయాలండీ?" హెడ్‌మాస్టర్లు అడుగుతున్నారు, తల్లిదండ్రులు అడుగుతున్నారు, జిల్లా ఎడిషన్‌కి వార్త పంపే విలేకరులూ అడుగుతున్నారు. ఒకే పోటీ నోటీసు బోర్డు మీద "స్టేట్ లెవెల్", ఫ్లెక్సీ మీద "నేషనల్", పేపర్లో "అంతర్జాతీయ" అయిపోతోంది.

రేపు కాలేజీ సీటు కోసమో, స్కాలర్‌షిప్ కోసమో ఆ కాగితం పట్టుకుని ఇంటర్వ్యూలో కూర్చునేది పిల్లలు. "జాతీయ స్థాయి అన్నారు, అంతకుముందు ఏ పోటీలో గెలిచి అక్కడికి వెళ్లారు?" అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పాల్సిందీ వాళ్లే. ఆ టెన్షన్ వాళ్లకు మిగల్చకుండా పేరు మొదటే సరిగ్గా రాయాలి. కింద చెప్పిన వరుసలో వెళ్తే అరగంట పని.

## 1. రాయడానికి ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- నిర్వాహకులు జట్టుకు పంపిన ఆహ్వానం, రిజిస్ట్రేషన్ రసీదు
- ఆ సీజన్ రూల్ బుక్
- జట్టు నంబరు, రిజిస్టర్ చేసిన స్కూలు పేరు, చిరునామా
- పోటీ జరిగిన ఊరు, తేదీ
- ఫలితాల షీటు: ర్యాంకు, బహుమతి పేరు, ఎన్ని జట్లు ఆడాయి
- జట్టులోని పిల్లల పుట్టిన తేదీలు

పోస్టరునీ వాట్సాప్‌లో తిరిగే ప్రకటననీ ఆధారంగా తీసుకోకండి. పోస్టరు జట్లను రప్పించడానికి వేసేది. రూల్ బుక్‌లో, ఆహ్వానంలో ఉన్న పేరే అసలు పేరు. రెండింటికీ తేడా వస్తే రూల్ బుక్ మాటే రాయండి.

## 2. నాలుగు విషయాలను విడివిడిగా రాసుకోండి

తికమక అంతా ఇక్కడే పుడుతుంది. ఒక పోటీ పేరులో నాలుగు వేరు వేరు సంగతులు ఉంటాయి. అన్నిటికీ కలిపి "లెవెల్" అనేస్తాం.

- కార్యక్రమం: పోటీని నడిపే వ్యవస్థ. ఫస్ట్ లెగో లీగ్ (ఫస్ట్ అనేది సంస్థ పేరు), వెక్స్, వరల్డ్ రోబో ఒలింపియాడ్ లాంటివి.
- విభాగం: ఏ వయసు పిల్లలు ఆడతారు.
- అంశం: ఏం ఆడతారు. లైన్ ఫాలోయరా (గీత వెంట రోబోను నడపడం), రెస్క్యూనా, సాకరా, ప్రాజెక్టు ప్రదర్శనా.
- స్థాయి: మెట్ల వరుసలో ఈ పోటీ ఎన్నో మెట్టు. స్థానికం, ప్రాంతీయం, జాతీయం, ప్రపంచం.

పదో తరగతి అనేది తరగతి. క్వార్టర్లీ, పబ్లిక్ అనేవి పరీక్షలు. పదో తరగతి చదువుతున్నాడు కాబట్టి పబ్లిక్ రాసేశాడని ఎవరం అనం కదా. ఇక్కడా అంతే. సీనియర్ విభాగంలో ఆడినంత మాత్రాన పెద్ద స్థాయిలో ఆడినట్టు కాదు.

నా సలహా ఒకటే. మీ స్కూలు రాతల్లో "స్థాయి" అనే మాటను నాలుగో దానికి మాత్రమే వాడండి. వయసుకు "విభాగం", ఆటకు "అంశం" అని ఖాయం చేసుకోండి. ఈ ఒక్క కట్టుబాటుతో సగానికి పైగా తప్పులు ఆగిపోతాయి.

## 3. వయసు విభాగాన్ని తేల్చండి

మన పిల్లలు ఎక్కువగా వెళ్లే కార్యక్రమాలవి ఇవీ. వయసు హద్దులు దేశాన్ని బట్టి, సీజన్‌ని బట్టి మారతాయి కనుక ఏటా రూల్ బుక్‌తో సరిచూసుకోండి.

ఫస్ట్ కుటుంబం. ఫస్ట్ లెగో లీగ్‌లో డిస్కవర్, ఎక్స్‌ప్లోర్, ఛాలెంజ్ అని మూడు విభాగాలు. డిస్కవర్ 4 నుంచి 6 ఏళ్ల వాళ్లకు, ఎక్స్‌ప్లోర్ 6 నుంచి 10 ఏళ్ల వాళ్లకు. ఛాలెంజ్ మన దగ్గర 9 నుంచి 16 ఏళ్ల వాళ్లకు. అమెరికాలో పై హద్దు ఇంకా తక్కువ. ఆ తర్వాత ఫస్ట్ టెక్ ఛాలెంజ్ 12 నుంచి 18, ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్ 14 నుంచి 18 ఏళ్ల వాళ్లకు. ఈ చివరి రెండూ లెగో లీగ్‌కి పై స్థాయులు కావు, వేరే కార్యక్రమాలు. లెగో లీగ్‌లో గెలిస్తే టెక్ ఛాలెంజ్‌కి ప్రమోషన్ రాదు.

వరల్డ్ రోబో ఒలింపియాడ్. ఇందులో రోబోమిషన్, రోబోస్పోర్ట్స్, ఫ్యూచర్ ఇన్నొవేటర్స్, ఫ్యూచర్ ఇంజినీర్స్ అనేవి అంశాలు. రోబోమిషన్‌లో ఎలిమెంటరీ 8 నుంచి 12, జూనియర్ 11 నుంచి 15, సీనియర్ 14 నుంచి 19 ఏళ్లు. వయసులు ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉన్నాయి చూడండి: పన్నెండేళ్ల పాప ఎలిమెంటరీలోనూ ఆడొచ్చు, జూనియర్‌లోనూ ఆడొచ్చు. అందుకే పిల్లల వయసు చూసి విభాగం ఊహించకూడదు, రిజిస్ట్రేషన్ రసీదులో ఏముందో అదే రాయాలి. పైగా మన దగ్గర ఎలిమెంటరీ అంటే ఐదో తరగతి వరకూ అనుకుంటారు. ఈ పోటీలో ఏడో తరగతి పిల్లలూ ఆ పేరు కిందే ఆడతారు. "ప్రాథమిక పాఠశాల స్థాయి" అని తర్జుమా చేయకండి.

వెక్స్. వెక్స్ ఐక్యూ చిన్న పిల్లలది, వెక్స్ వీ5 పెద్ద పిల్లలది, వెక్స్ యూ యూనివర్సిటీ విద్యార్థులది. ఐక్యూ, వీ5 అనేవి కిట్ల పేర్లు కూడా. "వీ5 స్థాయి" అనేది లేదు.

ఇంజినీరింగ్ కాలేజీలు. డీడీ (దూరదర్శన్) రోబోకాన్ మన జాతీయ పోటీ. అందులో గెలిచిన జట్టు ఆసియా-పసిఫిక్ దేశాల పోటీ అయిన ఏబీయూ రోబోకాన్‌కి వెళ్తుంది. అక్కడికి ఒక్కో దేశం నుంచి ఒకే జట్టు, ఆతిథ్యమిచ్చే దేశం నుంచి రెండు. ఇంత స్పష్టంగా ఉన్న పోటీల్లో తప్పు రాయడానికి చోటే లేదు.

## 4. స్థాయిని తేల్చే మూడు ప్రశ్నలు

పోటీ పేరులో "నేషనల్" అని ఉన్నా, "ఇంటర్నేషనల్" అని ఉన్నా పక్కన పెట్టి ఈ మూడు అడగండి.

ఎవరు రావచ్చు? ఫీజు కట్టిన ఎవరైనా రావచ్చంటే అది ఓపెన్ పోటీ. మన కాకినాడ, భీమవరం, రాజమహేంద్రవరం వైపు కాలేజీ ఫెస్టుల్లో రోబో రేస్, రోబో వార్ పెడుతుంటారు. బ్యానర్ మీద "నేషనల్ లెవెల్" అని ఉంటుంది, దేశంలో ఎవరైనా రావచ్చని వాళ్ల ఉద్దేశం. అది జాతీయ పోటీ కాదు, ఓపెన్ పోటీ. అందులో గెలవడం తేలిక అని నేననడం లేదు. ఓపెన్ పోటీకి బలమైన జట్లూ వస్తాయి. పేరు మాత్రం "ఓపెన్ పోటీ" అనే రాయాలి.

జట్టు ఇక్కడికి ఎలా వచ్చింది? కింది పోటీలో గెలిచి వచ్చిందా, నిర్వాహకులు పిలిచారా, నేరుగా పేరు నమోదు చేసుకుందా? గెలిచి వస్తే "అర్హత సాధించి" అని రాయండి. పిలిస్తే "ఆహ్వానిత పోటీ". నమోదు చేసుకుంటే ఆ సంగతే రాయండి.

ఇక్కడ గెలిస్తే తర్వాత ఎక్కడికి? పై మెట్టు ఉంటే అది వరుసలోని పోటీ. లేకపోతే అక్కడితో ఆగే పోటీ.

ఈ మూడింటికీ జవాబు దొరికాక స్థాయి దానంతట అదే తేలుతుంది. కొన్ని క్లిష్టమైనవి చూద్దాం.

లెగో లీగ్‌లో జాతీయ పోటీలో బాగా ఆడిన జట్లలో కొన్ని అమెరికాలోని హ్యూస్టన్‌లో జరిగే ప్రపంచ పోటీ, ఫస్ట్ ఛాంపియన్‌షిప్‌కి వెళ్తాయి. మరికొన్నింటికి వేరే దేశాల్లో జరిగే ఓపెన్ పోటీలకు పిలుపు వస్తుంది. రెండూ విదేశీ ప్రయాణాలే, రెండూ గర్వపడాల్సినవే. కానీ రెండోదాన్ని "ప్రపంచ ఛాంపియన్‌షిప్" అని రాయకూడదు. "అంతర్జాతీయ ఓపెన్ పోటీ" అంటే సరిపోతుంది, నిజమూ అదే.

వెక్స్‌లో సిగ్నేచర్ ఈవెంట్లని ఉంటాయి. వేర్వేరు ప్రాంతాల జట్లు వస్తాయి, గెలిస్తే నేరుగా ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కి అర్హత. ఇది రాష్ట్రానికి పైనా, దేశానికి కిందా అని లెక్కలు కట్టొద్దు. "సిగ్నేచర్ ఈవెంట్" అనే రాసి, అక్కడి నుంచి దేనికి అర్హత వచ్చిందో పక్కన రాయండి.

వెక్స్‌లోనే ఇంకొకటి: స్కిల్స్ (జట్టు ఒంటరిగా ఆడే ఆట) స్కోర్లతో ప్రపంచం మొత్తానికీ ఒక ర్యాంకుల పట్టిక ఉంటుంది. ఎక్కడో స్థానిక పోటీలో సాధించిన స్కోరు కూడా ఆ పట్టికకు ఎక్కుతుంది. ఆ పట్టికలో ఫలానా ర్యాంకు వచ్చిందంటే ప్రపంచ పోటీలో ఆ స్థానం వచ్చిందని కాదు. రాయాలనుకుంటే "స్కిల్స్ ప్రపంచ పట్టికలో, ఫలానా తేదీ నాటికి" అని రాయండి. ఆ పట్టిక రోజూ మారుతుంది కాబట్టి తేదీ తప్పనిసరి.

## 5. జిల్లా, డివిజన్, రాష్ట్రం: మన దగ్గర ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి

జిల్లా. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. అంతకుముందు తూర్పు గోదావరి జిల్లాకు కాకినాడ కేంద్రం. అమలాపురం, రాజమండ్రి అన్నీ అందులోవే. తర్వాత కాకినాడ, కోనసీమ వేరు జిల్లాలయ్యాయి, రాజమహేంద్రవరం కేంద్రంగా ఉన్నదానికి తూర్పు గోదావరి పేరు మిగిలింది. అవతల ఏలూరు వేరు జిల్లా అయి, భీమవరం పశ్చిమ గోదావరికి కేంద్రమైంది.

కాబట్టి 2021లో అమలాపురం జట్టు గెలిచింది తూర్పు గోదావరి జిల్లా పోటీ. దాన్ని ఇప్పుడు "కోనసీమ జిల్లా ప్రథమ" అని మార్చకూడదు. "అప్పటి తూర్పు గోదావరి జిల్లా" అని ఒక్క మాట చేర్చండి. అప్పుడు ఆ పిల్లలు ఎంత పెద్ద జిల్లాలో గెలిచారో కూడా తెలుస్తుంది. ఇప్పటి సర్టిఫికెట్లలో కోనసీమ పేరును డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా అని పూర్తిగా రాయండి.

ఇంకో ముఖ్య విషయం. ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్‌లో "డిస్ట్రిక్ట్" అనే మాట ఉంది. అది మన కలెక్టరు జిల్లా కాదు. ఒక రాష్ట్రమంతా గానీ, కొన్ని రాష్ట్రాలు కలిపి గానీ ఒక పోటీ ప్రాంతంగా చేసి దానికి పెట్టిన పేరు. అమెరికాలో ఉన్న మన బంధువుల పిల్లలు "డిస్ట్రిక్ట్ ఛాంపియన్‌షిప్" గెలిచారంటే "జిల్లా స్థాయి" అని వార్త వేయకండి. వాళ్ల కష్టాన్ని బాగా తగ్గించినట్టవుతుంది. "డిస్ట్రిక్ట్" అనే ఉంచి, అది ఏ ప్రాంతమో చెప్పండి.

డివిజన్. ఈ మాటకు మూడు అర్థాలు తిరుగుతున్నాయి. స్కూలు ఆటల్లో, సైన్స్ పోటీల్లో డివిజన్ అంటే రెవెన్యూ డివిజన్: అమలాపురం, రామచంద్రపురం, కొత్తపేట లాంటివి. లెగో లీగ్‌లో డిస్కవర్, ఎక్స్‌ప్లోర్, ఛాలెంజ్‌లను డివిజన్లంటారు. ఇక ఫస్ట్, వెక్స్ ప్రపంచ పోటీల్లో జట్లు ఎక్కువ కాబట్టి గుంపులుగా విడదీసి ఒక్కో గుంపును డివిజన్ అంటారు. "డివిజన్ విన్నర్" అని కాగితం కనిపిస్తే అది ఏ డివిజనో తేల్చుకోకుండా ముందుకెళ్లొద్దు. ప్రపంచ పోటీలో డివిజన్ గెలిచిన జట్టును "డివిజన్ స్థాయి విజేత" అని రాస్తే, చదివినవాళ్లు ఆర్డీవో ఆఫీసు పరిధి అనుకుంటారు.

రాష్ట్రం. రోబోటిక్స్ కార్యక్రమాలన్నిటికీ రాష్ట్ర మెట్టు ఉండదు. చాలావాటికి ప్రాంతీయ పోటీ, దానిపైన జాతీయ పోటీ ఉంటాయి. ప్రాంతీయ పోటీ హైదరాబాద్‌లోనో, చెన్నైలోనో, బెంగళూరులోనో పెడితే మన పిల్లలు అక్కడికెళ్లి ఆడతారు. అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పోటీ కాదు, తెలంగాణ రాష్ట్ర పోటీ కూడా కాదు. "ప్రాంతీయ పోటీ, హైదరాబాద్" అని రాయండి.

యానాం వాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. చుట్టూ కాకినాడ, కోనసీమ జిల్లాలే అయినా యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం. పిల్లవాడి ఇల్లు యానాంలో ఉండి, చదువు తాళ్ళరేవు వైపు స్కూల్లో అయితే? జట్టు ఏ స్కూలు చిరునామాతో రిజిస్టర్ అయిందో ఆ చిరునామాయే లెక్క. ఇంటి అడ్రసు కాదు.

సైన్స్ ప్రదర్శనలు. ఇన్‌స్పైర్ మానక్‌లో జిల్లా, రాష్ట్ర, జాతీయ మెట్లు స్పష్టంగా ఉంటాయి. కానీ అది రోబోటిక్స్ పోటీ కాదు, కొత్త ఆలోచనల ప్రదర్శన. మీ పిల్ల అక్కడ రోబో చూపించినా "ఇన్‌స్పైర్ మానక్ జిల్లా ప్రదర్శన, రోబో నమూనా" అనే రాయాలి. నమూనా తయారీకి 10,000 రూపాయలు ఖాతాలో పడటం ఎంపికైనందుకు గుర్తు, అది జిల్లా గెలుపు కాదు.

## 6. పేరు కూర్చే వరుస

ఎప్పుడూ ఒకే వరుసలో రాయండి:

సీజన్ → కార్యక్రమం → విభాగం లేదా అంశం → స్థాయి → ఊరు → ఫలితం

ఫస్ట్, వెక్స్ సీజన్లు రెండు సంవత్సరాల మీదుగా నడుస్తాయి కాబట్టి వాటికి "2024–25" అని రాయండి. లెగో లీగ్‌లో ప్రతి సీజన్‌కీ ఒక పేరు ఉంటుంది, 2024–25ది సబ్‌మర్జ్‌డ్. అది ఆ ఏటి ఆట పేరు, పోటీ పేరు కాదు. చోటుంటే వేయండి, లేకపోతే వదిలేయండి.

నమూనాలు ఇలా ఉంటాయి:

- 2024–25 ఫస్ట్ లెగో లీగ్, ఛాలెంజ్ విభాగం, ప్రాంతీయ పోటీ, చెన్నై: రోబో డిజైన్ బహుమతి
- వరల్డ్ రోబో ఒలింపియాడ్, రోబోమిషన్, జూనియర్ విభాగం, జాతీయ పోటీ: పాల్గొన్నారు
- ఇంజినీరింగ్ కాలేజీ టెక్ ఫెస్ట్, లైన్ ఫాలోయర్, ఓపెన్ పోటీ, కాకినాడ: ద్వితీయ

ఫ్లెక్సీ మీద చోటు తక్కువ. అప్పుడు ఊరు, సీజన్ పేరు తీసేయొచ్చు. కార్యక్రమం, విభాగం, స్థాయి మాత్రం తీయకండి. పేపర్ వార్తకైతే మొదటి వాక్యంలోనే స్థాయి, రెండో వాక్యంలో ఎలా అర్హత సాధించారో పెట్టండి. విలేకరికి ఫోన్‌లో చెప్పకుండా రాసి పంపండి. ఫోన్‌లో విన్న "రీజినల్" అచ్చులోకి వచ్చేసరికి "నేషనల్" అయిపోతుంది.

## 7. గెలుపును ఉన్నదున్నట్టు రాయడం

రోబోటిక్స్‌లో "గెలిచాం" అంటే చాలా రకాలు.

ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్‌లో మూడేసి జట్లు, టెక్ ఛాలెంజ్‌లోనూ వెక్స్ వీ5లోనూ రెండేసి జట్లు ఒక కూటమిగా ఆడతాయి. గెలిచేది కూటమి. అందుకే "విజేత కూటమిలో సభ్య జట్టు" అని రాయాలి. పక్క జట్టు పేరు కూడా రాస్తే మర్యాదగా ఉంటుంది.

టెక్ ఛాలెంజ్‌లో ఇన్‌స్పైర్ అవార్డు, వెక్స్‌లో ఎక్సలెన్స్ అవార్డు చాలా పెద్దవి. మ్యాచ్‌లు గెలిచినవాళ్లకంటే ముందు ఇన్‌స్పైర్ అవార్డు జట్టే పై పోటీకి వెళ్లొచ్చు. ఇలాంటి బహుమతి వస్తే "ప్రథమ బహుమతి" అని మార్చకుండా దాని పేరే రాయండి. టెక్ ఛాలెంజ్ ఇన్‌స్పైర్‌కీ, ఇన్‌స్పైర్ మానక్‌కీ సంబంధం లేదని ఒక ముక్క జోడిస్తే ఇంకా మంచిది. మన టీచర్లకు రెండోదే ఎక్కువ పరిచయం.

"క్వాలిఫై అయ్యాం" అన్నప్పుడూ చూసుకోండి. క్వాలిఫికేషన్ మ్యాచ్ అంటే ఒక పోటీ లోపల మొదట ఆడే మ్యాచ్, ప్రతి జట్టూ ఆడుతుంది. క్వాలిఫైయింగ్ టోర్నమెంట్ అంటే పై మెట్టుకు పంపే పోటీ. మొదటిది ఆడి రెండోది గెలిచినట్టు రాయడం తరచుగా చూస్తున్నాను. అలాగే "ఫైనల్ ఆడారు", "జాతీయ ఫైనల్స్‌లో ఆడారు" ఒకటి కాదు.

## 8. తరచుగా దొర్లే తప్పులు, వాటి సవరణ

- తప్పు: "సీనియర్ లెవెల్ విజేత." సవరణ: "సీనియర్ విభాగం, ప్రాంతీయ పోటీ విజేత."
- తప్పు: వేరే దేశపు జట్టు ఒకటి వచ్చింది కాబట్టి "అంతర్జాతీయ". సవరణ: నిర్వాహకుల రూల్ బుక్‌లోని పేరే.
- తప్పు: "స్టేట్ ఫస్ట్", తీరా చూస్తే రాష్ట్రం నుంచి వెళ్లిన జట్టు ఒక్కటే. సవరణ: "జాతీయ పోటీలో ఆంధ్రప్రదేశ్ నుంచి పాల్గొన్న జట్టు."
- తప్పు: ఫస్ట్ అనే సంస్థ పేరును మొదటి స్థానంగా అనుకుని "లెగో లీగ్‌లో ఫస్ట్". సవరణ: కార్యక్రమం పేరు పూర్తిగా, ర్యాంకు విడిగా. స్థానానికి "ప్రథమ" అనే మాట వాడితే ఈ గొడవ ఉండదు.
- తప్పు: శిక్షణ సంస్థ తన విద్యార్థుల మధ్య పెట్టిన పోటీకి "జోనల్". సవరణ: "సంస్థ అంతర్గత పోటీ."

చివరిదాని గురించి గట్టిగా చెప్పాలి. పిల్లలు అంతర్గత పోటీలో నేర్చుకునేది చాలా ఉంటుంది, అది దాచాల్సింది కాదు. పెద్ద పేరు తగిలించి తల్లిదండ్రుల దగ్గర ఫీజు పెంచడమే తప్పు. డబ్బు కట్టే ముందు నాలుగో భాగంలోని మూడు ప్రశ్నలూ రాతపూర్వకంగా అడగండి, జవాబు కూడా రాతపూర్వకంగానే తీసుకోండి.

## 9. అచ్చుకు ఇచ్చే ముందు

- కార్యక్రమం, విభాగం, అంశం, స్థాయి నాలుగూ విడివిడిగా ఉన్నాయా?
- "స్థాయి" అనే మాట వయసుకు వాడలేదు కదా?
- జిల్లా పేరు పోటీ జరిగిన నాటిదేనా?
- కూటమి గెలుపైతే ఆ సంగతి ఉందా?
- స్కూలు రాసిన పేరు, నిర్వాహకుల సర్టిఫికెట్ మీది పేరు ఒకటేనా?
- జట్టులోని పిల్లల్లో ఒకరికి చదివి వినిపించారా? అసలు ఏం జరిగిందో వాళ్లకే బాగా తెలుసు, తప్పుంటే వెంటనే పట్టుకుంటారు.

## 10. తప్పు పేరు ఇప్పటికే అచ్చయిపోతే

స్కూలు ఇచ్చిన ప్రశంసాపత్రమైతే పాతది వెనక్కి తీసుకుని, సరైన పేరుతో, అదే తేదీ వేసి, "సవరించిన ప్రతి" అని రాసి కొత్తది ఇవ్వండి. నిర్వాహకుల సర్టిఫికెట్‌ను మాత్రం మీరు దిద్దకూడదు. దాని మీది పేరు తికమకగా ఉంటే, పక్కన హెడ్‌మాస్టర్ సంతకంతో ఒక వివరణ పత్రం జత చేయండి. పోటీ వివరాలు, ఎన్ని జట్లు ఆడాయి, ఎలా అర్హత వచ్చింది అని నాలుగు వాక్యాలు చాలు.

పేపర్లో తప్పు పడితే విలేకరికి అదే రోజు రాసి పంపండి. సవరణ వేసినా వేయకపోయినా, పిల్లల ఫైల్లో ఆ కటింగ్ పెట్టేటప్పుడు దాని వెనక సరైన పేరు రాసి ఉంచండి. రెజ్యూమెలో, అప్లికేషన్లలో ఆ సరైన పేరే వాడమని పిల్లలకు చెప్పండి.